మా అబ్బాయి కళ్ళ విషయంలో ఆదుకున్న వారికి కృతజ్ఞతలు

కావలిలో ఉంటున్న మా కుటుంబానికి గడచిన మూడు నెలల్లో అండగా నిలిచిన అందరికీ, ముఖ్యంగా ఆ కంగారులో పేరైనా అడగడం మరచిన ఒక కంటి పరీక్షల సహాయకురాలికి, కృతజ్ఞతలు తెలుపుకోవడానికి ఇది రాస్తున్నాను.

మా అబ్బాయికి 11 ఏళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే కళ్ళు దురద పెట్టి ఎర్రబడతాయి. ఒక వైద్యుడు రెండు వారాలకని రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలతో రెండో రోజుకే నెమ్మదించడంతో, ఆ పాత చీటీతోనూ, తరవాత చీటీ లేకుండానూ, మందుల షాపులో కొంటూ ఏడాదిన్నర వేశాము. తప్పు మాదే, అయితే అడగకుండా ఇచ్చినవారికీ అందులో పాలుంది.

కళ్ళద్దాల కోసం నెల్లూరు వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి కంటి ఒత్తిడి కొలిచి, నమ్మకం కుదరక మళ్ళీ కొలిచి, "ఏ చుక్కలు వేస్తున్నారమ్మా?" అని అడిగింది. సాధారణంగా 21 లోపు ఉండవలసిన ఒత్తిడి ఎడమ కంట్లో 36 ఉంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఆమె ఆ ప్రశ్న వేయకపోతే మేము అద్దాలు తీసుకుని ఇంటికి వచ్చేసేవాళ్ళం.

డాక్టరుగారు ఓపికగా వివరించారు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. ఈ గ్రంథుల హార్మోన్ల మీద పరిశోధనకు 1950లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. మేము వేసిన చుక్కలు ఆ కార్టిసాల్‌ను పోలిన కృత్రిమ మందే కాబట్టి వాపును, దురదను అంత వేగంగా అణచాయి. అదే మందు, కంటిలో ఊరే నీరు బయటికి పోయే జల్లెడ వంటి భాగాన్ని కొందరిలో బిగిస్తుంది. నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి చూపు నరం నలుగుతుంది. స్టెరాయిడ్ మాన్పించి వేరే చుక్కలు ఇచ్చాక ఇప్పుడు ఒత్తిడి 16కి దిగింది. ఎడమ కంటి పక్కచూపులో పోయిన కొంత భాగం మాత్రం తిరిగి రాదని చెప్పారు.

మాతో వచ్చిన మా అత్తగారు తాను కీళ్ళనొప్పులకు మింగుతున్న మాత్రలు చూపిస్తే అవీ స్టెరాయిడ్లే అని తేలింది. ఆమె కంటి కటకం వెనుక పొర మసకబారడానికి అవీ కారణమై ఉండవచ్చన్నారు. చాలాకాలం బయటి నుంచి హార్మోను అందితే సొంత గ్రంథులు పని తగ్గించుకుంటాయి కనుక, మాత్రలను హఠాత్తుగా మానవద్దని, మెల్లగా తగ్గించాలని హెచ్చరించారు. ఆ మాట చెప్పకపోతే భయంతో ఆమె ఆ రోజే మాత్రలన్నీ పారవేసేవారు.

ప్రతిసారీ నెల్లూరుకు తోడు వచ్చిన పక్కింటి అన్నయ్యకు, అబ్బాయిని ముందు వరుసలో కూర్చోబెడుతున్న మాస్టారుగారికి నమస్కారాలు. వచ్చే నెల పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ అమ్మాయికి ఇవ్వాలని మా అత్తగారు ఇప్పటికే ఒక ఆవకాయ జాడీ పక్కన పెట్టారు.