సీటు మార్పు అడిగిన తల్లిదండ్రులకు, మిగతా వారికీ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ముగ్గురు నలుగురు ఆగి ఒకటే అడిగారు: "మావాణ్ణి ఆ పిల్లోని పక్కన కూచోబెట్టద్దండి మేడమ్, వీనికీ అలవాటైపోతుంది." ఏడో తరగతిలో కళ్లు టపటపలాడిస్తూ, భుజం ఎగరేస్తూ, ఉన్నట్టుండి గొంతుతో చిన్న కూత పెట్టే బాబు గురించి. సీటు మార్చడం లేదు. ఆ బాబు అమ్మానాన్నలను అడిగే ఇది రాస్తున్నాను.

అది అల్లరి కాదు, పెంపకం లోపం కాదు, అంటుకునేది అసలే కాదు. నాడీ సంబంధమైన ఇబ్బంది. డాక్టర్లు టిక్స్ అంటారు. కదలికలతో పాటు శబ్దాలూ వస్తూ ఏడాది దాటితే టూరెట్ సిండ్రోమ్. ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ 1885లోనే దీన్ని వివరించాడు. సాధారణంగా 5–7 ఏళ్లకు మొదలై, 10–12 ఏళ్లప్పుడు జోరు మీదుంటుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. నలుగురూ ఏమనుకుంటారో అని పిల్లలు కుంగిపోయే వయసూ సరిగ్గా ఆ పది పన్నెండేళ్లే.

"క్లాసులో కాసేపు ఆపుకున్నాడు కదా" అంటారు. ఆపుకుంటాడు, మనం తుమ్ము ఆపుకున్నట్టు. ఆపుకున్నంతసేపూ మనసంతా దాని మీదే, పాఠం చెవికెక్కదు. ఊరుకోమని గద్దించేకొద్దీ ఎక్కువవుతుంది.

మొదట కళ్ల డాక్టరు, తర్వాత దగ్గు మందు, ఆ తర్వాత తాయెత్తు. ఇన్నీ అయ్యాకే వాళ్లు నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. జబ్బుకన్నా జనమే కష్టమంటుంది ఆ తల్లి. కదిరి బస్సులో ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏమప్పా, ఎగతాళి చేస్తాండావా?" అని పిల్లవాణ్ణి గదమాయించాడట. బస్సంతా చూస్తుంటే ఎవరికని చెప్పుకుంటుంది? బత్తలపల్లిలో దిగిపోయి తర్వాతి బస్సు కోసం నిలబడింది. ఇప్పుడు పెళ్లిళ్లకు కూడా వాణ్ణి వాళ్ల అవ్వ దగ్గర వదిలి పోతున్నారు.

పేరున్నవాళ్లకు ఉందంటే గానీ మనం నమ్మం కాబట్టి చెప్తున్నాను: అమెరికా ఫుట్‌బాల్ జట్టు మాజీ గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్‌కు ఉన్నది ఇదే. 2014 ప్రపంచకప్‌లో బెల్జియం మీద షాట్ల మీద షాట్లు ఆపాడు. మన అనంతపురంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఈ ముక్క చెప్పండి, వింటారు.

ఇంట్లో మీ పిల్లలు ఆ బాబును అనుకరించి చూపిస్తే నవ్వకండి. బడి బస్సులో ఈ ఆట ఈమధ్య బాగా సాగుతోంది. దొరికినవాళ్లతో నేనే మాట్లాడుతున్నాను. ఆ తల్లి కనబడితే సలహాలు వద్దు, మామూలు మాటలు చాలు. బాబు పరీక్ష విడి గదిలో రాస్తానని తానే అడిగితే తప్ప పంపం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి కనబడితే పిల్లల డాక్టరుకు చూపించండి. అందరికీ మందులు అక్కర్లేదు, అదుపులో పెట్టుకునే శిక్షణ కూడా ఉంది. పిల్లవాడు దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం.

ఇంకా అనుమానాలుంటే సాయంత్రం నాలుగు తర్వాత నా గదికి రండి. పరీక్షల టైంటేబుల్ వెనక పేజీలో ఉంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు