ఆ మూడు సెకన్లు ఆగలేకపోతున్నారు

సంపాదకులకు,

కొవిడ్ మిగిల్చిన ఒత్తిడి టీచర్లలో ఇంకా పోలేదనగానే యోగా శిబిరం, ప్రేరణ ప్రసంగం అంటారు. పెట్టండి, తప్పులేదు. కానీ ఆ ఒత్తిడి పుట్టింది పనిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ‘బర్నౌట్‌’ను, అంటే పనిలో పూర్తిగా అలసి సత్తువ ఉడిగిపోవడాన్ని, జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట చాలాకాలం అదుపులేకుండా సాగిన ఒత్తిడి ఫలితమనే చెప్పింది.

ఆన్‌లైన్ రోజుల లెక్క ఒకటి వేసి చూడండి. సెక్షన్‌లో 40 మంది. తలా రెండు పేజీల హోంవర్కు ఫొటో తీసి పంపితే 80 ఫొటోలు. కొన్ని అడ్డం తిరిగి ఉంటాయి, కొన్నింటి మీద చేతి నీడ, కొన్నింటికి పేరే ఉండదు. ఒక్కోటి తెరిచి, పెద్దది చేసి, దిద్దడానికి నిమిషంన్నర చొప్పున రెండు గంటలు. ఇది ఒక్క సబ్జెక్టుకే. పైగా పిల్లలు కెమెరాలు ఆపేస్తే ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో మొహం చూసి పట్టుకునే వీలే లేదు. బడులు తెరిచాక మాస్కులొచ్చాయి. ‘స’, ‘శ’ లాంటి అక్షరాలను వినిపించే పైస్థాయి ధ్వనులు మాస్కులోనే అణిగిపోతాయి. దాంతో గొంతు పెంచడం, సాయంత్రానికి బొంగురుపోవడం.

మాస్కులు పోయినా అలసట మిగిలింది, పాత అలవాట్లను ముదిరేలా చేసింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగరని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970ల్లోనే గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారు. అలసిన మనిషికి ఆ మౌనం భారం. జవాబు తానే చెప్పేస్తారు. కాసేపు ఊరుకుంటే సారే చెప్పేస్తారని పిల్లలు వారంలో కనిపెట్టేస్తారు! తర్వాత నోటుపుస్తకాల వంతు: తప్పు దగ్గర ఆగకుండా పేజీకో టిక్కు, కింద సంతకం.

ప్రధానోపాధ్యాయులు చేయగలిగినవి ఉన్నాయి. రోజూ 40 పుస్తకాలు పైపైన తిప్పించే బదులు 8 పుస్తకాలు క్షుణ్ణంగా దిద్దించండి; అయిదు రోజుల్లో అందరివీ అవుతాయి. వాట్సాప్ గ్రూపులో సాయంత్రం ఆరు తర్వాత మెసేజ్ వద్దు. ఇది టీచరు నోట వస్తే తల్లిదండ్రులకు నిష్ఠూరం, బడి నోటీసుగా వెళితే నియమం. వెనకబడిన పాఠాల పేరుతో ఖాళీ పీరియడ్‌ను లాక్కోవడం అన్నిటికంటే చెడ్డ వైద్యం. పుస్తకాలు దిద్దేది ఆ పీరియడ్‌లోనే. పోతే అవి ఇంటికి చేరతాయి, మర్నాడు మళ్లీ అదే అలసట.

తరగతి పరిశీలనకు వెళ్లినప్పుడు మార్కుల ఫారం పక్కనపెట్టి, వెనక బెంచీలో కూర్చుని ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎన్ని సెకన్లో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఆ టీచరుకే ఇవ్వండి, ఫైల్లో పెట్టొద్దు.

— ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు