మాత్రల డబ్బాకు తాళం పడిన కథ

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకునే ఉంటావు. ఇదంతా చదివాక ఇంకోసారి తిట్టు, అప్పుడు సరైన కారణమే దొరుకుతుంది. ఇక్కడంతా కులాసా. ట్రాన్స్‌ఫర్ మళ్లీ ఆగింది, మీ చెల్లెలి మోకాలి నొప్పి తగ్గింది, పైకప్పు కారడం మాత్రం తగ్గలేదు. వార్తలు సమాప్తం. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు పగిలేట్టుంది.

నాన్న పోయినప్పుడు అమ్మకు నిద్ర పట్టడం లేదని ఒక డాక్టర్ ఆల్‌ప్రాజొలామ్ రాశారని చెప్పాను కదా? రాసింది రెండు వారాలకే. అమ్మ వేసుకుంటున్నది నాలుగేళ్లుగా. అది అలవాటైపోయిందని మాకెవరికీ తట్టనే లేదురా. బీపీ మాత్ర ఎలాగో ఇదీ అలాగే అనుకున్నాం. పెద్దావిడ, హాయిగా పడుకుంటోంది, ఇంకేం కావాలి?

పోయిన నెల ఒక రాత్రి మీ చెల్లెలు లెక్కపెడితే స్ట్రిప్‌లో ఐదు మాత్రలు తక్కువ. ఇంట్లో పదహారేళ్ల కుర్రాడున్నాడు. అనుమానం ఇంకెవరి మీదకు పోతుంది? నేనేం చేశానో ఊహించుకో. వాడి బ్యాగు మంచం మీద బోర్లించాను. చిక్కుపడ్డ ఇయర్‌ఫోన్లు, మూత లేని పెన్నులు మూడు, తడి తువ్వాలు, నాలుగు మడతలు పెట్టిన లెక్కల పేపరు. ఇరవైకి ఆరు. వాడు దాచింది అదొక్కటే. ఆ ఆరు చూడగానే నువ్వు గుర్తొచ్చావు, ఎందుకో నీకు తెలుసు. నవ్వకు, అప్పుడు నేను నవ్వే స్థితిలో లేను. వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తున్నాను.

వాడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "బుధవారం రాత్రి ఫ్రిజ్ దగ్గర నువ్వే రెండు వేసుకున్నావు నాన్నా. నేను నీళ్ల కోసం వస్తే ఇంకా పడుకోలేదా అని కసిరావు కూడా."

గుండూ, నీమీద ఒట్టు, నాకు గుర్తు లేదు. ఆఫీసులో ఆడిట్ టెన్షన్, ఆ రాత్రి మూడు పెగ్గులు వేసుకున్నది గుర్తుంది. ఆ తర్వాత తెల్లారిందే గుర్తు. మధ్యలో ఏమీ లేదు, తుడిచేసిన పలక.

ఇంతలో లోపలి గదిలోంచి అమ్మ గొంతు. "వాణ్ణి ఏమీ అనకురా. మిగతా మూడూ నేనే తీశాను." ఈమధ్య ఒక మాత్రకు నిద్ర రావడం లేదట. ఆ మూడింట్లో ఒకటి కళ్లజోడు పెట్టెలో దాచుకుంది కూడా, "అవసరానికి ఉంటుందని". నెల క్రితం బాత్రూంలో పడింది చూడు, అప్పుడు తప్పంతా చెప్పులదని కొత్త చెప్పులు కొనిచ్చాను. నా తెలివి అది.

మర్నాడు నలుగురం వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ అరవలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఈ రకం మాత్రలు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడరట. రోజులు గడిచేకొద్దీ పాత మోతాదు చాలదు. వయసు మీద పడ్డవాళ్లలో మందు ఒంట్లోంచి తొందరగా పోదు, అందుకే తూలడం, మరపు. "ఇవాళే చెత్తబుట్టలో పడేస్తాను" అన్నాను వీరుడిలా. ఆవిడ కంగారుపడి ఆపింది. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చట. వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గించాలట.

తర్వాత నావైపు తిరిగింది. ఆ మాత్రకు తాగుడు తోడైతే ఊపిరి ఆడటమే మందగించి ప్రాణం మీదకు రావచ్చు, మర్నాడు ఏమీ గుర్తుండకపోవడం దాని ముందు చిన్న సంగతి అంది. నాలుగు ప్రశ్నలడిగింది, ఎన్నో ఏళ్లుగా డాక్టర్లు వాడుతున్నవట. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా దాని గురించి అంటే చిరాకేసిందా? తప్పు చేస్తున్నానని బాధపడ్డావా? పొద్దున్నే లేచి వేసుకున్నావా? రెండింటికి అవునన్నా ఆలోచించాల్సిందేనట. నాకు నాలుగుకి మూడు. మావాడు గోడమీది బొమ్మ చూస్తూ కూర్చున్నాడు, ఇరవైకి ఆరు వచ్చినవాడి ముందు నాకొచ్చిన మార్కులివి.

వాడితో ఆవిడ విడిగా పావుగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. వారం తర్వాత వాడే చెప్పాడు, క్లాసులో ఒకడు వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, ఇవ్వబోయాడని, వద్దన్నానని. "అప్పుడే చెప్పొచ్చు కదరా" అన్నాను. "చెబితే బ్యాగు బోర్లించేవాడివి" అన్నాడు. ఏం జవాబు చెప్పను? నువ్వైతే ఏం చెప్పేవాడివి? ఆ గొడుగు సంగతప్పుడు మీ నాన్నగారు నిన్నొక్క మాటా అనలేదు. అది చాలాసార్లు గుర్తొస్తోందిరా ఈమధ్య...

సరే. ఇప్పుడు మాత్రల డబ్బాకు తాళం, తాళంచెవి మీ చెల్లెలి దగ్గర. ఎంత వేసుకున్నదీ క్యాలెండర్ మీద రాసే ఉద్యోగం మావాడిది. డాక్టర్ మొదట ముప్పావు మాత్రకు దించింది, ఇప్పుడు సగం. మాత్ర విరవడం నా పని. అది సరిగ్గా మధ్యకు విరగదు కదా, అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండు ముక్కలూ అరచేతిలో వేయించుకుని చూస్తుంది. "సగం అంటే ఏ సగంరా, పెద్దదా చిన్నదా?" రోజూ ఇదే బేరం. మొదటి పది రాత్రులూ నిద్ర లేదు, విసుగు, ఏడుపు. మావాడు పక్కన కూర్చుని పేకాడాడు. తొండాట ఆడుతుందట, వాడి ఫిర్యాదు.

నా సంగతి రాయలేదనుకుంటున్నావా? ఇరవై రెండు రోజులైంది. డాక్టర్ నన్నూ వారం వారం రమ్మంది. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. నువ్వు వచ్చినప్పుడు మన పాత పద్ధతిలో సీసా తేకు. నేను వద్దనగలనో లేదో నాకింకా నమ్మకం

అమ్మ పిలుస్తోంది. తొమ్మిదైంది, సగం మాత్ర బేరానికి వెళ్లాలి. మిగతాది రేపు

నీ
పొడుగోడు