ఆ తెల్ల లాయరుకి ఒక పేరుంది

సంపాదకులు గారికి నమస్కారం.

మండేలా జయంతి రోజున మీరు వేసిన వ్యాసం చదివాను. మండేలా మీద, ఆయన సహచరుల మీద విధ్వంస నేరం మోపిన రివోనియా కేసులో 'ఒక తెల్ల లాయరు' గట్టిగా వాదించి ఉరి తప్పించాడని అందులో ఉంది. ఆయన పేరు లేదు, ఏ పార్టీవాడో లేదు. అసలు వ్యాసం మొత్తంలో కమ్యూనిస్టు అన్న మాటే ఎక్కడా లేదు.

అప్పటి దక్షిణాఫ్రికా తెల్లవాళ్ల ప్రభుత్వం మాత్రం ఆ మాటను పొద్దస్తమానం జపించేది. 1950లో కమ్యూనిజం అణచివేత చట్టం తెచ్చి, అలజడి రేపి మార్పు తేవాలని చూసే ఏ సిద్ధాంతమైనా కమ్యూనిజమే అని అందులో రాసుకుంది. 1952లో, జాతివివక్ష చట్టాలను కావాలనే ఉల్లంఘించిన ధిక్కార ఉద్యమకారులు తెల్లవాళ్లకు కేటాయించిన రైల్వే స్టేషన్ గేట్లలోంచి నడిచారు. ఆ ఉద్యమాన్ని నడిపినందుకు మండేలా, సిసులు, డాక్టర్ యూసుఫ్ దాదూ వంటి నాయకుల మీద పెట్టింది ఈ చట్టమే. జనం మామూలుగా కమ్యూనిజం అనుకునేదానికీ ఈ నేరానికీ సంబంధం లేదని జడ్జి గారే ఒప్పుకుని, శిక్ష మాత్రం వేశారు!

ఇక ఆ లాయరు నిజంగానే కమ్యూనిస్టు. పేరు బ్రామ్ ఫిషర్. తాత ఆరెంజ్ రివర్ కాలనీకి ప్రధాని, తండ్రి పెద్ద జడ్జి. నోరు మూసుకుని ఉంటే ఆయనకూ ఏ పెద్ద పదవో దక్కేది. 1964లో రివోనియా తీర్పు వచ్చిన కొద్ది నెలలకే అరెస్టయ్యాడు. లండన్‌లో ఒక పేటెంటు కేసు వాదించడానికి బెయిలిచ్చారు. అక్కడే ఉండిపొమ్మని స్నేహితులు బతిమాలారు. మాటిచ్చానని వెనక్కి వచ్చాడు. వచ్చాకే, 1965 జనవరిలో, విచారణ మధ్యలో అజ్ఞాతంలోకి వెళ్లాడు. వేషం మార్చుకుని జొహానెస్‌బర్గ్‌లోనే దాదాపు పది నెలలు తిరిగి, చివరికి దొరికిపోయాడు. 1966లో యావజ్జీవం పడింది.

జైల్లో కాన్సర్ వచ్చింది. కిందపడి తుంటి ఎముక విరిగితే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి రోజులు పట్టింది. ఇక బతకడని తేలాక బ్లూమ్‌ఫొంటీన్‌లో సోదరుడి ఇంటికి పంపారు, అదీ ఖైదీగానే. 1975 మేలో పోయాడు. అంత్యక్రియలయ్యాక చితాభస్మాన్ని జైళ్ల శాఖ తిరిగి తీసేసుకుంది. ఇంట్లోవాళ్లకి గుప్పెడు బూడిద కూడా మిగల్చలేదు.

ఆయన ఉన్న దక్షిణాఫ్రికా కమ్యూనిస్టు పార్టీ తప్పులు చేయలేదని నేను అనను. 1922 తెల్ల గని కార్మికుల సమ్మెలో 'తెల్ల దక్షిణాఫ్రికా' కోసం పోరాడమన్న బ్యానర్ ఎగిరితే, ఆ సమ్మెకు మద్దతిచ్చింది వాళ్లే. 1968లో చెకోస్లవేకియాలోకి సోవియట్ ట్యాంకులు వెళ్తే సమర్థించారు. అవీ రాయండి. 2013లో మండేలా చనిపోయినప్పుడు, 1962లో అరెస్టయ్యేనాటికి ఆయన తమ కేంద్ర కమిటీ సభ్యుడని అదే పార్టీ ప్రకటించింది. అదీ రాయండి.

ఫిషర్ పేరును లాయర్ల జాబితాలోంచి 1965లో కొట్టేశారు. 2003లో, ఆయన పోయిన 28 ఏళ్లకి, మళ్లీ చేర్చారు. మీరు ఒక చిన్న సవరణ వేస్తే చాలు.

— ఒక రిటైర్డ్ హిస్టరీ టీచర్, తెనాలి