మీ బాపు పేరు మీద యాభై వేలు

ఒరేయ్ శీనూ,

ఎట్లా ఉన్నావురా? నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఇక్కడ హన్మకొండలో ఇంటికి సున్నాలు, ఆ సందట్లోనే చుట్టాలు. ఇవాళ కూర్చున్నాను.

మీ బాపు సంవత్సరీకానికి యాభై వేలు పెట్టి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు కుట్టుమిషన్లు ఇద్దామంటావు. వద్దురా. పైసలే ఇవ్వు.

నాలుగేళ్ల కింద మేము కొందరం కలిసి పరకాల దిక్కు ఒక ఊళ్లో ఆరు మిషన్లు పంచాం. ఫ్లెక్సీ, శాలువాలు, ఫొటోలు, అన్నీ అయ్యాయి. ఆర్నెల్లకు పోయి చూస్తే ఒకదాని మీద టీవీ పెట్టుకున్నారు, రెండు సగం ధరకు అమ్ముడుపోయాయి. అంత చిన్న ఊరికి ఎంతమంది టైలర్లు కావాలి చెప్పు! ఆ ముచ్చట మేము ఎవరినీ అడగనే లేదు.

ఆ ఏడే బోనస్ వస్తే మా ఇంట్లో పనిచేసే అక్క చేతిలో పదివేలు పెట్టాను. మేకలు కొంటుందనుకున్నా. నేరుగా పోయి అప్పు కట్టేసింది. నాకు మనసు చిన్నబోయింది, నిజం చెప్తున్నా. అడిగితే లెక్క చెప్పింది: నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే పదివేలకు నెలకు 300, ఏడాదికి 3,600. ఏ బ్యాంకు ఇస్తుందిరా అంత? "మేక సచ్చిపోతే ఏం జేద్దును తమ్మీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తాగి తగలేస్తారంటావు, తెలుసు. కెన్యా పల్లెల్లో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ 2011 నుంచి పేదలకు ఫోన్‌లోనే డబ్బు పంపింది. అందిన ఇళ్లనూ అందని ఇళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్క తీస్తే మందుకూ పొగాకుకూ ఖర్చు పెరగలేదట. గడ్డికప్పు తీసి రేకులేసుకున్నారు, పశువులు కొన్నారు.

ఊళ్లో డాక్టరే లేకపోతే పైసలు ఏం చేస్తాయి, అది వేరే. ఎవరికి ఇస్తున్నామో కూడా చూడాలి. రైతుబంధు 2018 మే 10న మన హుజూరాబాద్ దగ్గరే మొదలైంది కదా, పంటకు ఎకరానికి 4,000. పెద్ద ఆసామికీ చెక్కొచ్చింది. కౌలుకు పత్తి పెట్టినవాడు చూస్తూ నిలబడ్డాడు.

అందుకే అయిదు కౌలు ఇళ్లకు తలా పదివేలు ఇవ్వు. ఏ ఇళ్లో మీ అమ్మనడుగు. ఎవరింట్లో ఏ అప్పుందో ఆమెకు తెలిసినంత సర్పంచుకు తెలియదు. ఫ్లెక్సీ మాత్రం వేయించకు, బాపుకు అట్లాంటివి నచ్చేవి కావు.

శనివారం కాజీపేటలో దిగుతావుగా, బండేసుకుని వస్తా.

నీ
రమేశ్