కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌కూ ఓ మనిషి కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మన జిల్లాల పరిశ్రమల్లో కంప్యూటరీకరణ గురించి మీ పత్రికలో వస్తున్న కథనాలు శ్రద్ధగా చదువుతున్నాను. ఫలానా చోట ఈఆర్‌పీ (కొనుగోళ్లు, లెక్కలు, జీతాలు అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టారు, ఫలానా సంస్థ క్లౌడ్‌కు మారింది అని రాస్తున్నారు, సంతోషం. ఆ ఈఆర్‌పీ వెనక సర్వర్లు చాలా ఉంటాయి. వాటన్నింటినీ కనిపెట్టుకుని ఉండడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాని సంగతి మాత్రం ఎక్కడా రావడం లేదు. నేను తిరుపతిలో ఉంటూ, చిత్తూరు వైపు యూనిట్లున్న ఒక ఆహార ఉత్పత్తుల సంస్థలో, శాప్ అనే కంపెనీ ఈఆర్‌పీని నడిపించే బేసిస్ పని చేస్తున్నాను. సర్వర్లు, డేటాబేస్, బ్యాకప్, ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే దిద్దుబాట్లు), యూజర్ల అనుమతులు నేను చూసుకోవాలి. సర్వర్లను కనిపెట్టుకునే ఆ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టే యాజమాన్యాలు దాన్ని చూసుకునే మనిషిని పెట్టడం లేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

మధ్యతరహా సంస్థలో కూడా ప్రోగ్రాములు రాయడానికి డెవలప్‌మెంట్ సర్వర్, పరీక్షించడానికి క్వాలిటీ సర్వర్, అసలు వ్యాపారం నడవడానికి ప్రొడక్షన్ సర్వర్ ఉంటాయి. జీతాలకు, రిపోర్టులకు ఇంకొన్ని. అన్నింటినీ ఒకే చోట కూర్చుని చూడడానికి శాప్ వాళ్లు ఇచ్చేది సొల్యూషన్ మేనేజర్. మేమంతా సోల్‌మ్యాన్ అంటాం.

అందులో మంచి చాలా ఉంది. వారానికోసారి ఎర్లీవాచ్ రిపోర్టు వస్తుంది. డేటాబేస్ ఎంత పెరిగింది, ఏ స్క్రీన్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోంది, ఏ ప్రోగ్రాం పదే పదే ఆగిపోతోంది, ఏ సెక్యూరిటీ ప్యాచ్ వేయకుండా వదిలేశాం, శాప్‌తో పాటే వచ్చే యూజర్లకు పాత పాస్‌వర్డే ఉందా, అన్నీ అందులో ఉంటాయి. ప్రోగ్రాములు తాము చేసిన పనిని రాసుకునే అప్లికేషన్ లాగులు చేరే బాల్‌డాట్ అనే టేబుల్ ఉబ్బిపోతోందని ఒక ఏడాది మామిడి సీజన్ మొదలవకముందే ఆ రిపోర్టులో కనిపించింది. పాత లాగులు తుడిచే జాబ్ (టైముకు తనంతట తానే నడిచే ప్రోగ్రాం) ఒకటి పెట్టాం, డిస్కులు కొనే ఖర్చు తప్పింది.

నాకు అంతకన్నా విలువైనది అందులోని చార్మ్ అనే భాగం. ప్రొడక్షన్‌లోకి వెళ్లే ప్రతి మార్పుకూ అక్కడ ఒక ఫైలు నడుస్తుంది. ఎవరు అడిగారు, ఎవరు రాశారు, ఎవరు పరీక్షించారు, ఎవరు సరే అన్నారు, అన్నీ రాతపూర్వకంగా ఉంటాయి. మామిడి కొనుగోలు ధర లెక్కించే ప్రోగ్రాంను ఇద్దరు వేర్వేరు పనుల కోసం ముట్టుకుంటే, ఇదివరకే ఇంకొకరు దీన్ని మారుస్తున్నారని ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక లేకపోతే వెనక వెళ్లిన మార్పు ముందు వెళ్లినదాన్ని చడీచప్పుడు లేకుండా తుడిచేస్తుంది. రైతు బిల్లులో కిలోకు రూపాయి తేడా వస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో వెతకడానికి మా దగ్గర ఈ రోజు ఆధారం ఉంది. ఆడిటర్లు వచ్చినప్పుడు టెన్షన్ లేకుండా కూర్చోగలుగుతున్నాం.

ఇక లోపాల దగ్గరికి వస్తాను. శాప్ సర్వర్లు తమ వివరాలను తామే ఈ సాఫ్ట్‌వేర్‌కు పంపుకుంటాయి. శాప్ కానివాటి సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఫ్యాక్టరీలో అవే ఎక్కువ. కాటా దగ్గరి కంప్యూటర్, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత రాసుకునే పెట్టె, గేట్ పాస్ కొట్టే ప్రింటర్, ఇవేవీ శాప్ కావు.

తోతాపురి సీజన్ నడుమ ఒక యూనిట్లో కాటా కంప్యూటర్ పాడైతే బయటి ఏజెన్సీ వాళ్లు వచ్చి కొత్తది పెట్టి వెళ్లారు. తూకం ఫైళ్లు ఇదివరకు ఒక ఫోల్డర్లో పడేవి, కొత్త మెషిన్ వేరే ఫోల్డర్లో వేయడం మొదలుపెట్టింది. ఆ విషయం ఎవరూ మాకు చెప్పలేదు. ఈఆర్‌పీలో ఆ ఫైళ్లను చదివే జాబ్ టైముకు లేచి, పాత ఫోల్డర్ ఖాళీగా ఉండడం చూసి, చేయడానికి పనేమీ లేదని సక్రమంగా ముగిసేది. సోల్‌మ్యాన్ లెక్క ప్రకారం జాబ్ ముగిసింది, తప్పేమీ లేదు. తెరంతా పచ్చగా ఉంది. అక్కడ గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడిపోయాయి. తూకం ఈఆర్‌పీకి చేరనిదే రసీదు రాదు, రసీదు లేనిదే కాయ దించరు. కాటా ఆపరేటర్ నాకు ఫోన్ చేసినప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది: "ఇంకా ఎంతసేపమ్మా, ఎండకు కాయ మెత్తబడిపోతా ఉంది." సంగతి మాకు తెలిసింది ఆ ఫోన్ వల్లే.

సోల్‌మ్యాన్‌కు ఇది కనిపెట్టడం చేతకాదని నేను అనను. సీజన్లో పగటిపూట అరగంట పాటు ఒక్క తూకమూ రాకపోతే అలర్ట్ ఇవ్వమని ఆ తర్వాత చెప్పాం, ఇస్తోంది. కానీ అలా చెప్పాలంటే గేటు దగ్గర ఏం జరుగుతుందో, సర్వర్లో ఏం జరుగుతుందో రెండూ తెలిసిన మనిషి ఉండాలి. అలాంటివాళ్లను పెట్టండని అడిగితే, ఇంకో డాష్‌బోర్డు కొందామన్నారు.

రెండో లోపం అలర్టుల వరద. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పరిమితులను అలాగే వదిలేస్తే రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు ప్రాసెసర్ మీద కాస్త భారం పెరిగినా మెయిల్ వస్తుంది. కొద్ది రోజులకు ఐటీ విభాగంలో ప్రతి ఒక్కరూ ఆ మెయిళ్లు నేరుగా పక్క ఫోల్డర్లోకి వెళ్లేలా పెట్టుకుంటారు. నిజంగా డిస్కు నిండిన రోజు వచ్చిన మెయిల్ కూడా అందులోకే పోతుంది. ఏ హెచ్చరిక ఎవరికి, ఏ వేళకు వెళ్లాలో కూర్చుని తేల్చడం వారాల పని. ఏ సంస్థలోనూ దానికి సమయం కేటాయించడం నేను చూడలేదు.

సోల్‌మ్యాన్ బరువు సంగతి కూడా చెప్పాలి. 7.2 వెర్షన్‌లో అబాప్ (శాప్ సొంత ప్రోగ్రామింగ్ భాష) భాగం ఒక సిస్టమ్, జావా భాగం ఇంకో సిస్టమ్. రెండింటికీ ప్యాచ్‌లు, బ్యాకప్‌లు, డేటాబేస్‌లు. కనిపెట్టవలసిన ప్రతి సర్వర్‌లోనూ వివరాలు పంపే ఏజెంట్లు అనే చిన్న ప్రోగ్రాములు. సపోర్ట్ ప్యాక్ (ప్యాచ్‌ల కట్ట) వేసిన ప్రతిసారీ సెటప్ దశలు మళ్లీ నడపాలి. నాలుగైదు సర్వర్లున్న సంస్థకు ఇంత పెద్దది అక్కరలేదని నా అభిప్రాయం. లైసెన్స్ ఖర్చు లేని జాబిక్స్, నాగియోస్ లాంటివి అలాంటి చోట్ల చక్కగా సరిపోతాయి, చిన్న ఆసుపత్రులు, కాలేజీలు ముందు వాటిని చూడాలి. వాటికైనా మనిషి కావాలి, అందులో తేడా లేదు.

ఇన్ని సర్వర్ల మీద అధికారం ఒక్కచోట చేరితే వచ్చే ప్రమాదం యాజమాన్యాలకు సరిగా అందడం లేదు. 2020 మార్చిలో సోల్‌మ్యాన్‌లో ఒక లోపానికి శాప్ ప్యాచ్ విడుదల చేసింది. లాగిన్ కూడా లేకుండా, దానికి కలిసి ఉన్న ఏజెంట్లన్నింటినీ చేజిక్కించుకునే వీలున్న లోపం అది. దాని తీవ్రతకు 10కి 10 వేశారు. 2021 జనవరికల్లా దాన్ని వాడుకుని దాడి చేసే కోడ్ ఇంటర్నెట్‌లో బహిరంగంగా దొరికింది. ప్యాచ్‌కూ ఆ కోడ్‌కూ మధ్య పది నెలల వ్యవధి ఉంది, మనిషి ఉన్నచోట అది చాలినంత సమయం. 2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ వ్యవహారం ఇంకో రకం. ఆ కంపెనీ అమ్మే, నెట్‌వర్క్‌లను కనిపెట్టుకుని ఉండే ఓరియన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ చొప్పించారు. సుమారు 18,000 సంస్థలకు ఆ అప్‌డేట్ చేరింది, అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా దెబ్బతిన్నాయి.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2016లో వచ్చిన ఈ 7.2 వెర్షన్‌కు ప్రధాన మెయింటెనెన్స్ 2027 చివరితో ముగుస్తుంది. దాని స్థానంలో శాప్ ముందుకు తెస్తున్నది క్లౌడ్ ఏఎల్ఎం. దాన్ని శాప్ వాళ్లే నడుపుతారు కాబట్టి మన దగ్గర సర్వర్ పెట్టుకునే పని పోతుంది. నాలాంటివాళ్లకు అది పెద్ద ఊరట, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే చార్మ్‌లో కట్టుకున్న అనుమతుల వరుసను ఉన్నదున్నట్టు ఎత్తి అక్కడ పెట్టలేం, మళ్లీ కట్టుకోవాలి. మన సర్వర్ల వివరాలు బయటికి వెళ్తాయి, ఏవి వెళ్లవచ్చో ముందే తేల్చుకోవాలి. కాటా కంప్యూటర్ గురించి ఎవరూ చెప్పకపోతే క్లౌడ్ ఏఎల్ఎంకూ తెలియదు.

మన ప్రాంత యాజమాన్యాలను నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి యూనిట్‌లో ఏ మెషిన్ ఉంది, అది దేనితో మాట్లాడుతుంది, పాడైతే ఎవరిని పిలవాలి అనే జాబితాకు ఒక ఉద్యోగిని బాధ్యులుగా నియమించండి. అది వారి అసలు పనిగా ఉండాలి, మిగతా పనుల మధ్య తీరికైతే చేసేదిగా కాదు. కొత్త మెషిన్ ఆ జాబితాలో ఎక్కిందని వారు సంతకం పెట్టేదాకా అకౌంట్స్ విభాగం ఏజెన్సీ బిల్లు పాస్ చేయకూడదు. ఈ ఒక్క నిబంధన ఉండి ఉంటే ఆ రోజు ట్రాక్టర్లు ఆగేవి కావు.

అలాంటి ఉద్యోగుల కోసం చెన్నై, బెంగళూరు కన్సల్టెంట్ల వైపు చూడక్కరలేదు. తిరుపతి చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. జావా, పైథాన్ నేర్పుతున్నారు. నడుస్తున్న పది మెషిన్లను కనిపెట్టుకుని ఉండడం, రాసుకోవడం, అర్ధరాత్రి వచ్చిన అలర్ట్ నిజమా కాదా తేల్చడం నేర్పడం లేదు. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్ల మీదే జాబిక్స్ పెట్టి, ఒక సెమిస్టర్ పాటు ఆ ల్యాబ్ బాధ్యతను విద్యార్థులకే అప్పగిస్తే చాలు. ఏ కాలేజీ అయినా ముందుకొస్తే సెలవు రోజుల్లో వచ్చి నేర్పడానికి నేను సిద్ధం. నా ఫోన్ నంబరు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను, అడిగిన అధ్యాపకులకు ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి