హేవలాక్ వంతెనకు రంగు లైట్లు కాదు, నీడ కావాలి

సంపాదకుల వారికి,

గోదావరి గట్టునూ పాత హేవలాక్ రైలు వంతెననూ బాగుచేసే పనుల గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త, దాంతోపాటు వేసిన రంగుల బొమ్మ చూశాను. పెద్దలెవరైనా రాస్తారేమోనని నాలుగు రోజులు ఆగాను. ఎవరూ రాయలేదు, నేనే రాస్తున్నాను.

ఆ బొమ్మలో సెల్ఫీ పాయింటు ఉంది, ఫుడ్ కోర్టు ఉంది, రంగు లైట్లు ఉన్నాయి. చెట్టు నీడ మాత్రం ఎక్కడా లేదు. మే నెల మధ్యాహ్నం రాజమండ్రి గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడి చూసినవాళ్లెవరూ ఆ బొమ్మ గీసి ఉండరు.

మా నాన్న ఆ వంతెన మీద కీమ్యాన్, అంటే పట్టాలను పట్టి ఉంచే కీలు చూసి బిగించే రైల్వే పనివాడు. సెలవుల్లో ఆయనకు క్యారేజీ పట్టుకుని గోదావరి స్టేషన్ దాకా వెళ్లేవాణ్ని. ఒకసారి వంతెన మీదికి వెంట తీసుకెళ్లారు. ఇంతలో రైలు వస్తుంటే పక్కనున్న ఇనుప అరుగు మీదికి లాగి, తన ఒళ్లు అడ్డం పెట్టి నిలబడ్డారు. రైలు వెళ్లిపోయాక కూడా నేను పట్టుకున్న కమ్మీ గుయ్యిమంటూనే ఉంది. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన అది. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒకటి చొప్పున 56 ఖానాలు, ఒక్కో ఖానా 150 అడుగులు. కింద రాతి స్తంభాలు, పైన రివిట్లు కొట్టి బిగించిన గడ్డర్లు. ఇప్పటి పిల్లలు ఆ రివిట్ గుండును వేలితో తడిమి చూడాలి. దాన్ని రేకులతో మూసి లైట్ల పట్టీలు చుడితే ఇక చూడ్డానికి ఏం మిగులుతుంది? తుప్పు గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టండి. కొంత దూరం పట్టాలు అలాగే ఉంచండి. నాన్న నన్ను నిలబెట్టిన ఆ అరుగుల మీద ముసలివాళ్లు కూర్చోవడానికి బల్లలు వేయండి. టికెట్ మాత్రం పెట్టొద్దు.

ఇక గట్టు సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఏటా ఎర్రనీరు వస్తుంది, మెట్లు మునుగుతాయి, నీళ్లు తీశాక ఒండ్రు మిగులుతుంది. అది తెలిసి కూడా కింది మెట్ల దగ్గర కరెంటు పెట్టెలు, నున్నటి గ్రానైట్ పలకలు వేస్తారా? ఇంతకుముందు వేసిన పలకల మీదే మా వీధి పెద్దావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గరుకు రాయి వేయమని అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఇది మా సెక్షన్ కాదన్నారు. రెండో చోటా అదే మాట. మూడో చోట సంతకం పెట్టి తీసుకున్నారు, ఏడాదైనా జవాబు లేదు. ఈమధ్య ఏ పనికైనా ఇదే తంతు. ఎక్కడి నుంచో డ్రాయింగులు వస్తాయి, ఇక్కడి వాళ్లను అడిగే నాథుడుండడు. తాగునీటి కుళాయి వేయమంటే నిధుల్లేవంటారు, ఫౌంటెన్‌కు మాత్రం ఉంటాయి. ఆ ఫౌంటెన్ మొదటి వానాకాలానికే ఆగిపోతుంది.

ఆ గట్టు మీద పొద్దున్నే బట్టలు ఉతికేవాళ్లుంటారు, వలలు ఆరేసుకునేవాళ్లుంటారు, పిండాలు పెట్టుకోవడానికి వచ్చేవాళ్లుంటారు, సాయంత్రం మరమరాల మిక్చర్ అమ్మేవాళ్లుంటారు. బొమ్మలో వీళ్లెవరికీ చోటు లేదు. ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునే గదులు తలుపు గడియలతో సహా ఉండాలి. ఇది కూడా రాసి అడగాల్సి రావడం నాకు బాధగా ఉంది.

2015 జూలై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. 2027లో మళ్లీ పుష్కరాలు. ముందు జనం వచ్చే దారి, పోయే దారి వేరుచేసి వెడల్పు చేయండి. దుకాణాలు ఆ దారికి అడ్డం రాకూడదు. టెండర్ పిలిచే ముందు డ్రాయింగులు తెలుగులో, పెద్ద అక్షరాల్లో గోదావరి స్టేషన్ బయట అతికించండి. పడవలవాళ్లు కూడా నిలబడి చదువుకుని తమ మాట చెప్పే వీలుండాలి.

నాన్న కీలు బిగించిన సుత్తి మా ఇంట్లో ఇంకా ఉంది, పిడి కొంచెం పగిలింది. వంతెన మొదట్లో పాత పనిముట్ల కోసం ఒక చిన్న గది కడితే స్వయంగా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రైల్వే కీమ్యాన్ కొడుకు,
రాజమహేంద్రవరం